బండి అలిసిపోతదని

మా తండాలో లాలూ ఎడ్లను అమ్మి డీజిల్ బండి కొన్నాడు. కొన్నది బండే గాని, సాకడం మాత్రం ఎడ్లను సాకినట్టే. పొద్దున్నే స్టార్ట్ చేసి, తాను వేపపుల్ల నమిలి, మొహం కడిగి, చాయ్ తాగేదాకా దాన్ని ఉన్నచోటనే గుర్రుమనిపించేవాడు.

"ఒళ్లు వేడెక్కాలె గద కాకా. నిద్ర లేవంగనే నిన్ను ఉరుకుమంటే ఉరుకుతవా?" అనేవాడు నాతో.

రోడ్డెక్కినా అంతే. గట్టిగా తొక్కితే బండి అలిసిపోతుందట. ఒకసారి మేకల మంద మమ్మల్ని దాటిపోయింది. అందులో వెనకబడ్డ కుంటిమేక కూడా దాటిపోయింది. దానికి దారిమ్మని లాలూకు నేనే చెప్పాల్సి వచ్చింది.

ఈ మధ్య ఆ బండి నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. మా వెనకాల స్కూటర్ మీద వచ్చిన తెల్లచొక్కా సారును ఇంటికెళ్లాక సొంత భార్యే గుర్తుపట్టలేదు. తిట్టే తీరును బట్టి పిల్లలు పోల్చుకున్నారు. అడవికి నిప్పంటుకుందని కాపలా మనిషి పచ్చికొమ్మలు విరుచుకుని ఉరికొచ్చాడు. తర్వాత్తర్వాత ఆయనా అలవాటుపడి, పొగ చూస్తే "లాలూ వస్తుండు" అనుకుని అటు తిరిగి పడుకునేవాడు. ఎత్తు వస్తే బండి మూలిగేది. స్టీరింగ్ ముందు పసుపుపచ్చ లైటు ఒకటి వెలిగి ఆరకుండా కూర్చుంది. దిష్టి తగిలిందని లాలూ స్టీరింగుకు నల్లదారం కట్టాడు.

చివరికి అతని భార్య పూలి తేల్చి చెప్పింది. "పొగ బాగుచేయించు. ఐతారం వైరా నుంచి చేపల బాలకృష్ణ వస్తుండు. నచ్చితే బండి తీస్కపోతడు."

"అమ్ముడేంది?" లాలూ పోయి బండికి అడ్డం నిలబడ్డాడు.

"బండి కొని మూడేండ్లాయె. పర్ణశాల తీస్కపో అంటే బండి అలిసిపోతదంటివి. నాకంటె అదే ఎక్కువైతే, దాన్నే రొట్టెలు చెయ్యమను."

లాలూ నా దగ్గరికొచ్చాడు. "కాకా, నువ్వన్న చెప్పు. బండి పోతే నేను బతకలేను."

"పూలికి చెప్పే ధైర్యమే ఉంటే నేను ఎప్పుడో సర్పంచ్ అయ్యేటోణ్ణి రా" అన్నాను.

ఇద్దరం భద్రాచలంలో జంపయ్య షెడ్డుకు పోయాం. జంపయ్య బానెట్ ఎత్తి, బోల్టులు విప్పి, పిడికిలంత ఇనుప సామాను బయటికి తీశాడు. దాన్ని ఈజీఆర్ వాల్వు అంటారట. బొటనవేలు పట్టాల్సిన రంధ్రంలో అగ్గిపుల్ల కూడా దూరేటట్టు లేదు. ఇప్పపువ్వు మాడిన కుండ అడుగులా మసి గడ్డకట్టింది.

"నీ మనవరాండ్లకు గూడ కాటుక కొనే పని లేదు లాలూ" అన్నాడు జంపయ్య. "ఇంజన్ ఇడిసిన పొగల కొంత మళ్ల లోపలికి పోవాలె. ఎంత పోవాలెనో అంతకే ఈ తలుపు తీసుకుంటది, మూసుకుంటది. మసి పట్టి సగం తెరుచుకున్నకాడ్నే ఇరికింది. ఇగ పొగనే తాగుతుంది, గాలి అందుతలేదు."

"నేను దిష్టి అనుకున్న."

"దిష్టి గాదు, నీ ప్రేమ తగిలింది. పొద్దుగాల ఊకెనే ఇంజన్ ఆన్‌ల పెడ్తవా?"

"అవ్, రోజూ."

"రోడ్డు మీద మెల్లగ తోల్తవా?"

"చాన మెల్లగ" అన్నాడు లాలూ, బహుమతి ఇస్తారేమో అన్నట్టు.

"గందుకే. ఇంజన్ మంచిగ వేడెక్కకపోతే మసి పేరుకుంటనే ఉంటది. వారానికొక్కసారన్న దూరం పోవాలె, గట్టిగ తోలాలె."

చిట్టూ తవుడూ ఎక్కువ పెట్టి సొంత ఎద్దును చంపుకున్నవాడి మొహం పెట్టాడు లాలూ. జంపయ్య మసి కరిగే మందు కొట్టి, కరెంటు వైరు తగిలే వైపు తడవకుండా, పాత పళ్లబ్రష్‌తో మసి గీకాడు. "మెల్లగ రుద్దు" అని లాలూ బతిమాలాడు. కొత్త గ్యాస్‌కెట్ వేసి బిగించి, బండికి మిషన్ తగిలించి పాత తప్పు చెరిపేస్తే పచ్చలైటు ఆరిపోయింది.

ఐతారం బాలకృష్ణ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కన లాలూ. వెనక నేనూ, పూలీ. "అమ్మేముందు పర్ణశాల దాకనన్న ఎక్కుత" అంది పూలి.

బాలకృష్ణ తొక్కాడు. ఒక ఊళ్లో నేను పెట్టిన దండానికి బదులు నాకు తర్వాతి ఊళ్లో అందింది.

"మెల్లగ అన్నా, దానికి ఆయాసం!" అన్నాడు లాలూ.

"ఆయాసమేంది బై? ఉరుకుతందుకే పుట్టింది ఇది."

వెనక అద్దంలోంచి చూశాను. పొగ లేదు, రోడ్డు కనబడుతోంది. పూలి కిటికీలోంచి తల బయటికి పెట్టి నవ్వుతోంది. పెళ్లయి వచ్చిన ఏడాది విన్నాను ఆ నవ్వు, మళ్లీ ఇప్పుడే.

పర్ణశాలలో గోదావరి ఒడ్డున బండి ఆగింది. లాలూ దిగి బానెట్ మీద చెవి ఆనించాడు. ఇంజన్ ఒకే తీరున ఊపిరి తీస్తోంది.

"తీస్కుంటున్న" అన్నాడు బాలకృష్ణ, ఇంజన్ ఆపి తాళం తీస్తూ.

లాలూ లోపలికి వంగి స్టీరింగుకు కట్టిన నల్లదారం విప్పుకున్నాడు. "గట్టిగ తోలు అన్నా. నేను తోలలే" అన్నాడు.

"తాళం ఇటియ్యి అన్నా" అంది పూలి బాలకృష్ణతో.

"అమ్ముతనంటివి గద చెల్లే!"

"అమ్ముత అన్నది ఉరకని బండిని. ఇది ఉరుకుతుంది."

"గింత దూరం వస్తి..."

"కోడికూర తిని పోదువు. బండెక్కు."

ఆమె తాళం లాలూ చేతిలో పెట్టి, ముందు సీట్లో కూర్చుంది. లాలూ రెండో గేరు వేశాడు. పూలి చూసింది. మూడో గేరు వేశాడు. పూలి ఇంకా చూస్తూనే ఉంది. అంతకంటే పైన కూడా గేర్లున్నాయని లాలూకు ఆరోజే తెలిసింది.

ఇప్పుడు ప్రతి ఐతారం పర్ణశాల ప్రయాణమే. తిరిగి రాగానే లాలూ చక్రాల మీద చల్లటి నీళ్లు పోసి, బానెట్ తట్టి, "మస్తు ఉరికినవ్" అంటాడు. గడ్డి మాత్రం వెయ్యడం లేదు. పూలి ఇంట్లో లేనప్పటి సంగతి నేను చెప్పలేను.