తుడిచేసిన తెల్లచుక్క

పిచ్చుకకు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన కళ్ళెదుటే ఒక బిడ్డకు ఏదో అయిపోతూ ఉండడం, తాను కనిపెట్టలేకపోవడం. మొదట్లో ఆ బిడ్డ తన కొడుకు. ఇప్పుడు కాదు.

ఆమె అసలు పేరు ఇంట్లో ఎవరూ పిలవరు. ప్రతి చిన్నదానికీ గుండె టపటపలాడిస్తుందని బావ పెట్టిన పేరు పిచ్చుక. చదువు పదిలోనే ఆగిపోయి, చంకలో బిడ్డతో వచ్చిన మరదల్ని, అక్క మొహం చూసి తన ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు బావ.

ఆమె పని చుక్కలు తుడవడం. స్టూడియో కెమెరా పాతది. లోపల వెలుగును పట్టే సెన్సర్ కాస్త వేడెక్కితే చాలు, అందులో పాడైన బిందువులు కొన్ని ఊరికే వెలిగిపోతాయి. ఫోటోలో ఎర్రగానో తెల్లగానో చుక్కలు పడతాయి. బావ వాటిని మిణుగురులంటాడు.

"బావా, దీన్ని బాగుచేయించకూడదూ?"

"నువ్వుండగా దానికి మరమ్మతెందుకే? చుక్క కనిపించిందా, పొడిచి పారెయ్. ఆలోచించకు. ఆలోచిస్తే నీకు జ్వరమొస్తుంది."

ఆలోచించలేదు. పక్కనున్న రంగు తీసుకుని చుక్క మీద అద్దడం, మరో ఫోటో తెరవడం. చేతికి అలవాటైపోయింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకావిడ నడక రాని పాపను తీసుకొచ్చింది. ఆకుపచ్చ గౌను, జేబు మీద తెల్ల కుందేలు, ఎడమ చెక్కిలి మీద గోరంత గోధుమరంగు మచ్చ.

"అమ్మాయ్, ఆ మచ్చ మాత్రం తీసేయకు. మా అమ్మకి అచ్చం అక్కడే ఉండేది. పోయిన మనిషి గుర్తు."

"అయ్యో, ముట్టుకోనండీ."

మచ్చను ముట్టుకోలేదు. ఎడమ కంటిపాపలో తెల్లగా ఏదో మెరుస్తుంటే, ఈ మిణుగురు కాస్త బలిసిందే అనుకుని నలుపు అద్దేసింది. పాప కూర్చున్న ఫోటోలో, పాకుతున్న ఫోటోలో, బొమ్మను కొరుకుతున్న ఫోటోలో, అన్నిట్లోనూ. అక్కడే కూర్చుని ఫోటోలు అందుకున్న ఆ తల్లి, "కళ్ళు చూడు, ద్రాక్షపళ్ళల్లే ఉన్నాయి!" అని మురిసిపోయింది. బావకూ ముచ్చటేసి, ఒకటి పెద్దది చేయించి వీధి అద్దంలో పెట్టాడు.

కొన్నాళ్ళకు తన కొడుక్కి మెల్లకన్ను వస్తోందేమోనని అనుమానం పట్టుకుంది పిచ్చుకకు. కంటి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. డాక్టరమ్మ లైటు వేసి నిదానంగా చూసింది.

"నిక్షేపంలాంటి కళ్ళమ్మా. ముక్కు ఇంకా చప్పిడిగా ఉంది కదా, అందుకే అలా అనిపిస్తుంది. ఫ్లాష్ ఫోటోల్లో ఎప్పుడైనా కంటిపాప తెల్లగా మెరిసిందా?"

"లేదమ్మా. ఎర్రగా మెరుస్తుందంతే."

"అది మామూలే. ఒక కన్ను తెల్లగా మెరిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఒక్కోసారి లోపల గడ్డ ఉంటుంది. ముందే పట్టుకుంటే బిడ్డ దక్కుతుంది, చాలాసార్లు కన్నూ దక్కుతుంది."

పిచ్చుక తేలికపడి కొడుకును ఎత్తుకుని లేచింది. అంతలో తాను నలుపు అద్దిన కన్ను గుర్తొచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. కొడుకు ఆమె ముక్కు పట్టుకుని లాగి కిలకిలా నవ్వుతున్నాడు. ఆమెకు ఆకుపచ్చ గౌను కనిపిస్తోంది.

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావే?" అని, సంగతంతా విన్న బావ కసిరాడు. "అది మిణుగురే."

"మిణుగురైతే అన్ని ఫోటోల్లోనూ ఆ కంట్లోకే ఎందుకొచ్చింది బావా?"

బావ చిరాగ్గా కెమెరా తీసి, లెన్స్‌కు మూత పెట్టి, సెన్సర్ వేడెక్కేదాకా వరసగా నొక్కాడు. నల్లటి ఫోటోలు తెర మీదికొచ్చాయి. ఒక చుక్క పై మూలన, రెండు కింది అంచున. తరువాతి ఫోటోలోనూ అక్కడే. ఆ తరువాత కూడా అక్కడే, గోడకు కొట్టిన మేకుల్లా. కెమెరా చుక్కకు నడక రాదు. పాప పాకింది, తల తిప్పింది. ఆ తెలుపు కంటితోపాటే తిరిగింది.

బావ మూత తీయడం మరచిపోయాడు.

"అసలు ఫోటోలు?"

"కెమెరా కార్డు ఖాళీ చేసేశానే. తుడిచినవి ఉన్నాయి కదా అని."

"ఆవిడ ఫోన్ నంబరు?"

"చేతిలో ఫోటోలు పెట్టి పంపించాక నంబరెందుకడుగుతాను?"

పిచ్చుక బిడ్డను అక్కకిచ్చి, ఫోటో పట్టుకుని వీధులన్నీ గాలించింది. చివరికి పాల దుకాణమాయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఈ పాపా? వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారమ్మా. ఏ ఊరో చెప్పలేదు. పాపం, ఆవిడే ఒక మాటంది, ఈమధ్య పిల్ల ఒకవైపు నుంచి ఏమిచ్చినా అందుకోవట్లేదని. పిల్లలకి అన్నీ ఆటలే కదా అన్నాను నేను."

తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ ఫోటో తెరిచి, తెల్లరంగు తీసుకుంది.

"ఏం చేస్తున్నావే?"

"చుక్క పెడుతున్నా బావా."

అన్ని చుక్కలు తుడిచిన చెయ్యి ఒక్క చుక్క పెట్టడానికి రెండు మూడుసార్లు చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. ఎంత పరిమాణమో, ఎంత తెలుపో గుర్తున్నంత మటుకు పెట్టింది.

"ఇది అద్దంలో పెడితే మన గుమ్మం మళ్ళీ ఎవరైనా తొక్కుతారా?" అన్నాడు బావ.

పిల్లాడిని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ అక్క అంది: "తొక్కకపోతే మానె. తియ్యండి ఆ పాతది."

బావే తీశాడు. కొత్తది బావే అంటించాడు. దాని కింద పిచ్చుక పెద్ద అక్షరాలతో తనకు వచ్చినట్టు రాసింది. అది చదివిన పాల దుకాణమాయన ఒక కాపీ అడిగి తీసుకెళ్ళి తన గోడకు అంటించాడు. ఆ పాప కబురు చెప్పడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. అందులో ఉన్నది ఇదే:

"ఈ పాప ఎక్కడుందో మాకు తెలీదు. ఎడమ చెక్కిలి మీద గోధుమరంగు మచ్చ ఉంటుంది. వాళ్ళింట్లో ఉన్న ఫోటోల్లో కళ్ళు చక్కగా ఉంటాయి. ఆ ఫోటోలు నమ్మొద్దు, కంట్లో తెలుపు నేనే తుడిచేశాను. మీ పక్కింట్లో గానీ, బస్సులో మీ పక్కన గానీ ఈ పాప కనబడితే, మీకు కంట్లో ఏమీ కనిపించకపోయినా సరే, వాళ్ళమ్మను ఆపి చెప్పండి. ఈరోజే కంటి డాక్టరుకు చూపించమనండి. చూపించిందో లేదో మళ్ళీ ఒకసారి వెళ్ళి కనుక్కోండి."