మైనస్ తొమ్మిది

రాయి గిర్రున తిరుగుతోంది. దానిమీద సన్నగా నీళ్ళధార పడుతోంది. అద్దాలాయన అద్దం అంచుని రాయికి ఆనించి చెవితో చూస్తున్నాడు. అవును, చెవితోనే. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో, ఇదే స్టూలుమీద ముప్ఫై ఒక్కేళ్ళు కూర్చున్నవాడికి అద్దం ఎక్కడ మందమో, ఎక్కడ పలచనో ఆ కీచుచప్పుడే చెప్పేస్తుంది. వేళ్ళ కొసలమీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ముక్కుకి రెండు పక్కలా కళ్ళజోడు తవ్విన గుంటలు. ఆయన చూపు మైనస్ తొమ్మిది. జోడు తీస్తే బెత్తెడు దూరం దాటిందంతా పొగే.

ఇవాళ ఆ రాయి పక్కన ఓ కొత్త వస్తువు ఉంది. సముద్రంలో మునిగేవాళ్ళు ముఖానికి తగిలించుకునే నల్లరబ్బరు మాస్కు.

షాపు యజమాని తొంగిచూశాడు. "ఏంటి బాబాయ్, చేపలక్కూడా చూపు పరీక్ష చేస్తున్నావా?"

"మీ పిన్నినడుగు బాబూ. నా మెడకి తగిలించింది ఆవిడే."

ఆవిడ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తుంది. పన్నెండేళ్ళ క్రితం, వెన్ను ఊడిన దీవుల పుస్తకం ఒకటి కుట్టబోయి, సూది పక్కన పెట్టి చదువుతూ కూర్చుండిపోయింది. అప్పట్నుంచీ ఇంట్లో ఆ దీవుల గోలే. తాబేళ్ళు ఏ నెలలో గుడ్లు పెడతాయి, ఎర్రపీతలు ఏ దీవిలో రోడ్డు దాటతాయి, ఎక్కడ మునిగితే పగడాలు కనిపిస్తాయి, అన్నీ నోటుపుస్తకానికి ఎక్కించింది. తీరా టిక్కెట్లు కొన్నాక, మునిగేవాళ్ళకి చేసే పరీక్షలో డాక్టరు ఆమె చెవిలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. కర్ణభేరికి చిల్లి. నీళ్ళలో దిగడానికి వీల్లేదు.

ఆవిడ మర్నాడు ఆయన ముందు ఓ కాగితం పెట్టింది. పదిహేడు ప్రశ్నలు.

"నా బదులు మీరు దిగుతున్నారు. ఇవన్నీ చూసొచ్చి నాకు చెప్పాలి."

"బకెట్లో నీళ్ళు చూస్తేనే నాకు దడ కదే!"

"బకెట్లో చేపల్లేవుగా, అందుకే దడ. అక్కడ చూడ్డానికే తీరికుండదు, ఇంక భయపడేదెప్పుడు?"

మాస్కులో కళ్ళజోడు పట్టదు. జోడు లేకుండా దిగితే పదిహేడు ప్రశ్నలకీ ఒకటే జవాబు, పొగ. అందుకే మాస్కు గాజుకి లోపల అంటించడానికి మైనస్ తొమ్మిది అద్దాల జత ఒకటి దాచుకున్నాడు. ఆ నంబరులో షాపులో ఉన్నది ఆ ఒక్క జతే. సాయంత్రం ఏడింటికి ఓడ.

భోజనాల వేళ కాగితం మడత విప్పాడు. మూడో ప్రశ్న: "నీళ్ళలో అన్నీ పెద్దగా కనిపిస్తాయట. ఎంత పెద్దగా?"

దీనికి సముద్రం దాకా దేనికి? టబ్బు నింపి, ఖాళీ మాస్కు తగిలించుకుని, ఊపిరి బిగబట్టి ముఖం ముంచాడు. ముక్కు ముందు తన చూపుడువేలు పెట్టుకున్నాడు. అది బొటనవేలంత లావుగా, చెంప గిల్లేంత దగ్గరగా వచ్చింది. ఔరా! ఇన్నేళ్ళు వెలుతుర్ని వంచి బతికాడు, నీళ్ళు కూడా ఓ అద్దమేనని ఎన్నడూ తట్టలేదు. నవ్వబోతే మాస్కులోకి నీళ్ళు దూరాయి. తుడుచుకుంటూనే మిగతా ప్రశ్నలు మళ్ళీ చదివాడు. చిలకచేప పగడాన్ని కొరికితే చప్పుడు వినిపిస్తుందా? తాబేలు మనవైపు చూస్తుందా, లెక్కచేయకుండా పోతుందా? నిజమే, ఏం చేస్తుంది?

మూడింటికి లెక్కల టీచరమ్మ వచ్చింది. నాలుగు రోజుల క్రితం ఆమె జోడుమీద ఎవరో కూర్చున్నారు. ఆమెదీ మైనస్ తొమ్మిదే.

"అన్నయ్యా, ఇవాళైనా ఇస్తారా? ఒకడి హాజరు ఇంకొకడు పలుకుతున్నాడు. పొద్దున స్తంభాన్ని పట్టుకుని 'కూర్చోరా' అని కసిరాను."

"పార్సిల్ వచ్చిందమ్మా. గంటలో ఇచ్చేస్తా."

పొట్లం విప్పి అద్దం మధ్యలో వేలు పెట్టాడు. గుంట ఉండాల్సిన చోట బొడుపు. కంపెనీవాళ్ళు ప్లస్ తొమ్మిది పంపారు.

యజమాని గొంతు తగ్గించాడు. "సోమవారం రమ్మందాంలే బాబాయ్. నీ జత నువ్వుంచుకో."

అద్దాలాయన తలుపు సందులోంచి చూశాడు. గోడగడియారానికి ఎదురుగా బెంచీమీద కూర్చుని టీచరమ్మ పక్కావిణ్ణి టైమెంతని అడుగుతోంది. ఆయన దాచుకున్న జత తీసి రాయికి ఆనించాడు.

జోడు పెట్టుకోగానే టీచరమ్మ గడియారం చూసింది, వీధి చూసింది, చివరికి ఆయన్ని చూసింది. "మీకు మీసాలున్నాయా అన్నయ్యా!" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

"మరి నీ సంగతి?" అన్నాడు యజమాని.

అద్దాలాయన తన జోడు తీసి, తడుముతూ మరలు విప్పాడు. ఆయనకున్నది ఆ ఒక్కటే. ముందువైపు చదునుగా తనే అరగదీసుకున్న పాత గాజు అద్దాలు. మాస్కుకి అతికినట్టు సరిపోతాయి, అంచు తగ్గిస్తే. చెయ్యి జారితే మాత్రం ఇటు నేలా లేదు, అటు సముద్రమూ లేదు.

గది పొగైపోయింది. ముక్కు రాయికి తగిలేంతగా వంగాడు. కీచుమంది. కొంచెం తిప్పాడు. చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీశాడు. చాలు.

రెండోది అరగదీసేసరికి చొక్కా తడిసిపోయింది. అంటించిన జిగురు ఆరడానికి ఓడలో తెల్లవార్లూ ఉంది.

ఆరింటికి భార్య పెట్టెతో దిగింది. "ఏమండీ, జోడేది?"

మాస్కు ఉన్న డబ్బా పైకెత్తి చూపించాడు. "ఇందులో."

ఆవిడకి అర్థం కావడానికి ఓ క్షణం పట్టింది. "నాలుగు రోజులూ గట్టుమీద తడుముకుంటూ తిరుగుతారా?"

"నీళ్ళ పైవన్నీ నువ్వు చెప్పు. నీళ్ళ కిందివి నేను చెబుతా. మరీ అవసరమైతే మాస్కు పెట్టుకునే నడుస్తా."

"వద్దు మహానుభావా! దీవిలో జంతువులన్నీ పారిపోతాయి." ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మెట్టుంది. ఇంకోటి. ఎదురుగా కుక్క పడుకుంది."

ముప్ఫై ఒక్కేళ్ళుగా నడిచిన వీధి అది. ఆయన ఆగాడు. "ఏ రంగు కుక్క?"

"గోధుమరంగు. ఒక చెవి తెలుపు."

"రోజూ ఇక్కడే ఉంటుందా?"

"రోజూ దాటి పోయేది మీరు!"

మాటలు వీధి చివరికి వెళ్ళిపోయాయి. యజమాని షట్టరు సగం దించి, దీపం ఆర్పడానికి వెనకగదిలోకి వచ్చాడు. రాయి ఆగిపోయింది. స్టూలుమీద రెండు కాళ్ళూ చాపుకుని ఓ నల్లటి ఫ్రేము కూర్చుంది, అద్దాలు లేకుండా, తలుపువైపు తిరిగి.