అర్జునుడు కళ్లు తెరిచిన ఏడు

పుంగనూరు ధర్మరాజ నాటక సమాజం వాళ్లు నాటకం చదివే పిల్లలకు స్కాలర్‌షిప్పు ఇవ్వాలని ఆ ఏడు తీర్మానం చేసుకున్నారు. చేసింది గొప్ప పనే గాని, చేయించింది మాత్రం నారాయణప్ప మోకాళ్లు.

నారాయణప్పది టైలరు పని. ఏడాదిలో పదకొండు నెలలు జాకెట్లూ స్కూలు యూనిఫారాలూ కుడతాడు. భారతం నాటకాలు ఆడే నెలలో మాత్రం అర్జునుడు. ధర్మరాజుల గుడి ముందు ఎత్తైన తాటిమానొకటి పాతుతారు. దాన్ని తపసుమాను అంటారు. అర్జునుడు మెట్టుకొక పద్యం పాడుకుంటూ ఆ మాను ఎక్కి, కొసన కట్టిన మంచె మీద శివుడికి పూజ చేసి, అక్కణ్ణించి నిమ్మకాయలు విసరాలి. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు తలలు తడుపుకొని, తడిబట్టలతో, కొంగులు పట్టుకుని వందల్లో నిలబడి ఉంటారు. కొంగులో కాయ పడినామెకు ఏడాది తిరిగేలోగా కడుపు పండుతుందని నమ్మకం. నారాయణప్ప విసిరిన కాయలకు పుట్టిన పిల్లలు సోమల దాకా, గంగవరం దాకా ఉన్నారంటారు. ఆయనకూ ఆయన భార్య కృష్ణమ్మకూ మాత్రం పిల్లలు లేరు. ఈ మాట ఊళ్లో ఎవరూ ఆయన ముందు అనరు. వెనక అనకుండా ఎట్లా ఉంటారు.

ఇరవై ఆరేళ్లు ఎక్కాడు. పోయినేడు పదకొండో మెట్టు దగ్గర ఎడమ మోకాలు మొండికేసింది. ఏం చేస్తాడు, ఉన్న పద్యాన్నే సాగదీసి సాగదీసి పాడాడు. జనం అది భక్తి అనుకుని చేతులెత్తి మొక్కుతుండగా కాలు మెల్లగా సర్దుకుని పైకి పోయాడు. దిగివచ్చాక సమాజం అధ్యక్షుడు దేవరాజులు పక్కన కూలబడి, ఇంక నా వల్ల కాదు, ఈ పద్యాలన్నీ ఎవరికన్నా ఒప్పజెప్పేస్తా అన్నాడు.

దేవరాజులుకు మదనపల్లెలో టమోటా మండీ. భారతంలో దుర్యోధనుడు. ఊళ్లో పడుచువాళ్లను నలుగురైదుగుర్ని అడిగి చూశాడు. ఒకడికి బెంగుళూరులో ఉద్యోగం, ఒకడికి సిగ్గు, ఇంకొకడికి ఎత్తంటే భయం. అప్పుడు పుట్టింది స్కాలర్‌షిప్పు ఆలోచన. నాటకం చదివే వాళ్ల రెండేళ్ల ఖర్చు సమాజం భరిస్తుంది. బదులుగా వాళ్లు ప్రతి ఆదివారం పుంగనూరు వచ్చి, నారాయణప్ప ఇంట్లో ఉండి, ఆయన దగ్గర అర్జునుడి పద్యాలు నేర్చుకోవాలి. ఈ షరతు నారాయణప్పే స్వహస్తాలతో రాసిచ్చాడు. భోజనం, పడక తనవే అని కూడా రాశాడు. దేవరాజులు చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఇది స్కాలర్‌షిప్పా, ఇల్లరికమా నారాయణప్పా?"

నారాయణప్ప నవ్వలేదు.

ఎనిమిది దరఖాస్తులు వచ్చాయి. మదనపల్లెలో మండీ మిద్దె మీద గదిలో ఎంపిక పెట్టారు. దేవరాజులు, రిటైరైన తెలుగు మాస్టరు దామోదర్, నారాయణప్ప వరసగా కూర్చున్నారు. కింద టమోటా వేలం అరుపులు కిటికీలోంచి వచ్చి పడుతుంటే, వచ్చిన పిల్లలు వాటి మీదుగా గొంతు పెంచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఒకడు సినిమా హీరోలా నడిచి చూపించాడు. ఒకమ్మాయి, ఇది చదివితే సీరియల్లో తీసుకుంటారా అని వీళ్లనే అడిగింది. ఎనిమిదో పిల్ల పేరు సుప్రియ. ఊరు కుప్పం. మదనపల్లెలో డిగ్రీ చేసింది. నాటకంలో ఎమ్మే చదవడానికి పుదుచ్చేరిలో సీటు వచ్చింది, పోవడానికే దారి లేదు.

నాటకమే ఎందుకమ్మా అని దామోదర్ మాస్టరు అడిగాడు. తన పుట్టుకే తపసుమాను కింద మొదలైందని ఆ పిల్ల చెప్పింది. పెళ్లయి పదేళ్లయినా బిడ్డలు లేక వాళ్లమ్మ పుంగనూరు భారతానికి వచ్చిందట. ఇరవై రెండేళ్ల కింద.

"అర్జునుడు కండ్లు మూసుకునే ఇసరాలంట గదా సార్. ఆ పొద్దు మాత్రం తెరిచినాడంట. మాయమ్మ పక్కే సూసి ఇసిరినాడని ఇప్పటికీ సెప్తాది."

నారాయణప్ప చేతిలో పెన్ను కాగితం మీద అట్లాగే నిలిచిపోయింది.

కాయ ఎవరి కొంగులో పడాలో దేవుడు చూసుకుంటాడు, నువ్వు చూడకూడదు అని ఆయనకు వేషం నేర్పిన భీమరావు గురువు కట్టడి చేసి పోయాడు. ఇరవై ఆరేళ్లలో నారాయణప్ప ఆ కట్టడి దాటింది ఒక్కసారే. ఆ ఏడు రెండో వరసలో పసుపు చీర కట్టుకుని కృష్ణమ్మ నిలబడి ఉంది. అప్పటికి నాలుగేళ్లుగా నిలబడుతూనే ఉంది. ఆయన కళ్లు తెరిచాడు. తెరిచి, పెళ్లాం కొంగుకే గురిచూసి విసిరాడు. జనం ఒక్కసారిగా మీద పడ్డారు, ఏమీ కనిపించలేదు. వాళ్లు విడిపోయాక చూస్తే ఎవరో ఆకుపచ్చ చీర ఆడమనిషి కాయను కొంగున ముడేసుకుంటోంది. కృష్ణమ్మ కొంగు ఖాళీ. నియమం తప్పినందుకు దేవుడే కాయను పక్కకు తిప్పేశాడనుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కృష్ణమ్మకు అసలే చెప్పలేదు.

"ఆ పొద్దు మీయమ్మ ఏం సీర కట్టిండె?" అని అడిగాడు. పక్కనున్న ఇద్దరూ ఆయన వైపు వింతగా చూశారు.

"ఆకుపచ్చ సీర సార్. ఇంగా పెట్లో పెట్టుకోనుండాది."

తర్వాత సుప్రియ పద్యం పాడింది, అర్జునుడు మాను ఎక్కే పద్యమే. బిడ్డ పుట్టాక నాలుగేళ్లు వరసగా వచ్చి, కింద నిలబడి విని, వాళ్లమ్మ నేర్చుకున్న పద్యమది. మాను కొసన గాలికి మాటలు వినిపించని చోట ఆమె రాగం మాత్రమే పట్టుకుంది. కూతురు కూడా ఆ చోట్ల నోరు మూసుకుని రాగమే తీసింది. ఆ గొంతు వింటుంటే నారాయణప్పకు ఈ పిల్ల తనను సార్ అనడం తట్టుకోలేనట్టు అనిపించింది. నాన్నా అని పిలవాల్సిన పిల్ల కదా అనుకున్నాడు. దారిలో తప్పిపోయిన బిడ్డ ఇన్నాళ్లకు చిరునామా కనుక్కుని వచ్చినట్టుంది.

ఎంపికకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. చిక్కంతా షరతు దగ్గర వచ్చింది. పుదుచ్చేరి నుంచి ప్రతి ఆదివారం రాలేనని, వేసవి సెలవుల్లో నెలంతా ఉంటానని సుప్రియ అంది. దేవరాజులు సరేనబోయాడు. నారాయణప్ప ఒప్పుకోలేదు. పుదుచ్చేరి ఎందుకు, కుప్పంలోనో మదనపల్లెలోనో వేరే ఏదన్నా చదువుకో, నాటకం నేను నేర్పిస్తా అన్నాడు. దేవరాజులు బల్ల కింద ఆయన తొడ మీద రెండుసార్లు తట్టాడు. తట్టింది నొప్పి ఉన్న కాలే అయినా నారాయణప్ప కదల్లేదు. ఆ పిల్ల రెండు రోజులు గడువడిగి వెళ్లిపోయింది.

బస్సులో ఇంటికి పోతూ లెక్క వేసుకున్నాడు. రెండేళ్లకు నూటనాలుగు ఆదివారాలు.

మర్నాడు పొద్దున్నే వెనక గదిలో గుడ్డ ముక్కల మూటలూ చెడిపోయిన మిషనూ బయట పడేసి, గోడలు దులిపాడు. కృష్ణమ్మ వాకిట్లో కూర్చుని చింతకాయలు కొడుతోంది. ఎవరొస్తాండారని గది ఖాళీ చేస్తాండావు అని అడిగింది. నారాయణప్ప వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఏడు కళ్లు తెరిచిన సంగతి, తన గురి, పచ్చ చీర, ఇప్పుడీ పిల్ల, అంతా చెప్పాడు. నా పాపానికి మన బిడ్డ వేరేవాళ్ల ఇంట్లో పుట్టింది అన్నాడు.

కృష్ణమ్మ చేతిలో సుత్తి పక్కన పెట్టింది.

"నీ గురి తప్పలేదు. నా కొంగులోనే పడె."

ఆయనకు మొదట అర్థం కాలేదు.

"పక్కన ఆ పచ్చ సీరామె పొద్దున్నించి నాతోనే ఉండె. మూడు బస్సులు మారొచ్చిందంట. ఈ తూరి దొరక్కపోతే మొగుడు ఇంగోదాన్ని తెచ్చుకుంటాడంట. నా కొంగులో పడినాక ఆమె నన్ను ఒక్క మాట అడగలే. ఊరికే సూస్తా నిలబడె. ఇచ్చేస్తి."

"ఎందుకిస్తివే?"

"యాలంటే ఏం సెప్పేది. ఇసిరేటోడు నా ఇంట్లోనే ఉండాడు. వచ్చే ఏడు నాకు దొరక్కపోతాదా అనుకుంటి."

ఆ వచ్చే ఏడు, అంతకుముందు చేసిన తప్పు మళ్లీ జరగకూడదని, నారాయణప్ప కళ్లు బిగించి మూసుకుని విసిరాడు. కనురెప్పలు నొప్పి పుట్టేలా మూసుకున్నాడు. ఆ పై ఏడు నుంచి కృష్ణమ్మ మాను కిందికి రావడం మానేసింది. ఆమెకు నమ్మకం పోయిందనుకున్నాడే గాని, ఎందుకు రాలేదని ఒక్కనాడూ అడగలేదు.

కృష్ణమ్మ మళ్లీ సుత్తి తీసుకుంది. పది కాయలు కొట్టాక తలెత్తకుండా అడిగింది.

"ఆ పిల్ల గుడ్డు తింటాదా?"

మధ్యాహ్నానికి వెనక గదిలో కొత్త చాప, ఉతికిన దుప్పటి, కిటికీకి పూల గుడ్డతో కుట్టిన తెర వచ్చేశాయి. తెర నారాయణప్ప కుట్టాడు. కొలత కృష్ణమ్మ తీసింది.

గడువు రోజున తల్లీ కూతురూ ఇద్దరూ వచ్చారు. కాగితాలు పట్టుకుని దేవరాజులూ వచ్చాడు. సుప్రియ తల్లి మునీశ్వరి గడప దగ్గర కృష్ణమ్మను చూసి చెప్పులు విడవడం కూడా మరిచిపోయి నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. బిడ్డను ఎత్తుకుని నాలుగేళ్లు మాను కింద ఆ మొహం కోసం వెతికానని, పేరైనా అడగలేదే అని తనను తాను తిట్టుకోని రోజు లేదని చెప్పింది. కృష్ణమ్మ, నేను రాలేదులే అని మాత్రం అంది. సంగతి విన్నాక దేవరాజులు కాగితాలతో విసురుకుంటూ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

కృష్ణమ్మ సంగటి, పప్పు, ఉడకేసిన గుడ్లు పెట్టింది. తిన్నాక మునీశ్వరి పని తేల్చేసింది. తన బిడ్డ ఎక్కడికీ పోదు. పుదుచ్చేరి లేదు, ఏమీ లేదు. ఆదివారమేం ఖర్మ, అన్నిరోజులూ అక్క ఇంట్లోనే ఉంటుంది. ఇప్పుడే సంతకం పెట్టేస్తుంది. సుప్రియ తల వంచుకుని పెన్ను మూత తీసింది.

నారాయణప్ప కోరుకున్నది అదే. ఇంకొక నిమిషంలో ఆయనదైపోతుంది. అయినా ఆయన కళ్లు ఆ పిల్ల పెన్ను పట్టుకున్న తీరు మీదే నిలిచాయి.

కృష్ణమ్మ వచ్చి ఆ పిల్ల ముందు కూర్చుంది.

"మీయమ్మ సెప్పింది వద్దు, ఈయప్ప రాసింది వద్దు. నీకు యాడ సదవాలని ఉండాది పాపా?"

సుప్రియ తల్లి వైపు చూసింది. నారాయణప్ప వైపు చూసింది. తర్వాత పెన్ను కింద పెట్టి చెప్పింది.

"పుదుచ్చేరే పెద్దమ్మా. ఆడ ఆడోళ్లు గూడా ఏ వేషమైనా కట్టొచ్చంట."

కృష్ణమ్మ మొగుడి మొహం చూసింది. వెనక గదిలో పూల తెర గాలికి ఆడుతోంది. నారాయణప్ప లేచి మిషను సొరుగులోంచి కత్తెర తీశాడు. కాగితాన్ని బల్ల మీద పరిచి, బొటనవేలితో మడత గీసి, షరతు రాసిన కింది భాగాన్ని ఒక్క వంకర లేకుండా కత్తిరించేశాడు. మిగిలినదాన్ని సుప్రియ ముందు పెట్టాడు.

"అధ్యక్షుడు అనేటోడు ఒకడుండాడని, ఒక మాట అడగొచ్చు గదప్పా," అన్నాడు దేవరాజులు. ఆ గొంతులో కోపం లేదు.

మునీశ్వరి అడ్డం పడింది. ఇట్లా తీసుకోలేమంది, ఏదో ఒకటి రాయించుకోండంది. కృష్ణమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ పొద్దు నేనేమన్నా రాయించుకోని ఇస్తినా మునీశ్వరీ?"

ఆదివారం పొద్దున మదనపల్లెలో ఒక చిన్న హాల్లో స్కాలర్‌షిప్పు ఇచ్చారు. దేవరాజులు దుర్యోధనుడి గొంతుతో ముప్పావు గంట మాట్లాడాడు. దామోదర్ మాస్టరు శాలువా కప్పాడు. కవరు మాత్రం నారాయణప్ప, కృష్ణమ్మ ఇద్దరి చేతా ఇప్పించారు. ఆ పిల్ల ఇద్దరి కాళ్లకూ మొక్కి లేచినప్పుడు నారాయణప్పకు దీవెన మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. సభ ముందర పద్యాలు పాడే మనిషి, తల మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం తల్లీ కూతురూ, నారాయణప్ప దంపతులూ కుప్పం బస్సెక్కారు. ఆ బస్సు పుంగనూరు, ఆ తర్వాత పలమనేరు మీదుగా పోతుంది. మర్నాడు పొద్దున కుప్పంలో సుప్రియ రైలెక్కుతుంది. మునీశ్వరి ముందు సీట్లో ఆడవాళ్లతో మాటల్లో పడింది. సుప్రియ కృష్ణమ్మ పక్కన కిటికీ దగ్గర కూర్చుంది. రాత్రంతా నిద్ర లేదేమో, ఊరు దాటకముందే తల వాలిపోయింది. మొదట కిటికీ కమ్మీకి కొట్టుకుంది. కృష్ణమ్మ చెయ్యి చాపి ఆ తలను తన భుజానికి తెచ్చుకుంది. వెనక సీట్లోంచి నారాయణప్ప చూస్తూనే ఉన్నాడు. బస్సు గుంతల్లో పడ్డప్పుడల్లా కృష్ణమ్మ ఒళ్లు బిగబట్టుకుని, భుజం మాత్రం కదలకుండా కాచుకుంటోంది.

పుంగనూరు వచ్చింది. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. దిగేవాళ్లు దిగుతున్నారు. నారాయణప్ప సంచి అందుకుని, మోకాలు పట్టుకుని లేచి, పోదాం పద అన్నట్టు కృష్ణమ్మ సీటు మీద తట్టాడు. ఆమె తల తిప్పలేదు.

"పిల్ల నిద్రపోతాండాది," అంది మెల్లగా. "పలమనేరులో దిగుదాం."

నారాయణప్ప మళ్లీ కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని కండక్టర్ని పిలిచాడు.

"పలమనేరుకు కొట్టప్పా. రెండు."