మూడో దెబ్బ

రెండు దెబ్బలు కొట్టి, సుత్తి దించి, గంటన్న మళ్ళీ దగ్గాడు. పేరుకే గంటన్న, రేవులో గంటేమీ లేదు. స్తంభానికి ఇనుపతీగతో వేలాడగట్టిన మూరెడు రైలుపట్టా ముక్క, దాని పక్కన ఒక ముక్కాలిపీట, అంతే ఆయన ఆఫీసు. ఎండాకాలం గాలి స్తంభించిందంటే చాలు, అవతలి ఒడ్డు మిల్లుల పొగా ఇవతలి ఒడ్డు ఇటుకబట్టీల పొగా నది మధ్యలో కలుసుకుని కాపురం పెట్టేవి. వాన పడేదాకా కదిలేవి కావు. లాంచీ నడిపే సరంగుకి తన లాంచీ ముందుభాగమే కనపడేది కాదు. ఈ చప్పుడు పట్టుకునే రేవు చేరాలి.

మిగతా నెలల్లో గంటన్న తాళ్ళు కట్టేవాడు, రేవు ఊడ్చేవాడు. అవి ఎవరైనా చేసే పనులని తీసిపారేసేవాడు. పొగ కమ్మాక మాత్రం ఆ పొట్టి మనిషి నిటారుగా నిలబడేవాడు. ఎంత ఉతికినా చొక్కా బూడిదరంగే. ముక్కుకి కట్టుకున్న తడిగుడ్డ మీద నోటి దగ్గర ఎప్పుడూ ఒక నల్లటి మచ్చ ఉండేది.

ఈ ఏడు డాక్టరు తెగేసి చెప్పాడు. ఈ పొగని వదిలి వెళ్ళిపోతే నాలుగు కాలాలు బతుకుతావు, లేదంటే నీ ఇష్టం అన్నాడు. ఎగువన కొండల దగ్గర భార్య అక్కగారింట్లో ఒక గది ఖాళీగా ఉంది. రేపు పొద్దున్నే ప్రయాణం. మూటాముల్లె సర్దేశారు. అవతలి ఒడ్డు గోనెసంచుల మిల్లులో భార్యకి ఇవాళే ఆఖరి రోజు.

పొద్దున లాంచీ ఎక్కేముందు ఆమె బతిమాలింది, ఆ తర్వాత తిట్టింది. ఈ ఒక్క రోజుకీ టిక్కెట్లాయన కొడతాడు, నువ్వు ఇంట్లో తలుపులేసుకుని పడుకో అంది. నిరుడు ఈయన జ్వరంతో మంచమెక్కినప్పుడు కొట్టింది ఆ టిక్కెట్లాయనే. మధ్యలో ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. లాంచీ పోయి బురదలో కూరుకుపోయింది, అందులో ఆమె ఉంది. అప్పట్నుంచీ టిక్కెట్లాయన మాటెత్తితేనే ఈయనకి ఒళ్ళు మంట.

"సాయంత్రం నువ్వు ఇవతలికొచ్చేదాకా కొడతా. ఆ తర్వాత నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

"మాటంటే మాటేనా?"

"సుత్తి మీద ఒట్టు."

ఆమెకి నవ్వొచ్చింది, దాచుకుని లాంచీ ఎక్కింది.

మధ్యాహ్నానికి మాట ఆడటం కూడా కష్టమైంది. టీకొట్టు ఆవిడ వేణ్ణీళ్ళు తెచ్చిచ్చి, కాసేపు నేను కొడతాలే తమ్ముడూ అంది. నీళ్ళు తాగాడు గానీ సుత్తి ఇవ్వలేదు. అంత మొండితనం కూడదు, నిజమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ తను కొడుతున్నంతసేపూ ఆమెకేమీ కాదని ఆయన నమ్మకం, దానికి మందు లేదు.

సాయంత్రం అవతలినుంచి మిల్లు కూత వినపడింది. గంటన్న లేచాడు. భార్య వచ్చే లాంచీకి రెండు దెబ్బల తర్వాత మూడోది చిన్నగా కలపడం ఆయన అలవాటు. అదుగో మీ ఆయన పిలుస్తున్నాడని తోటి ఆడవాళ్ళు ఏడిపిస్తే ఆమె మొహం తిప్పుకునేది. ఇవాళ ఒక్కో దెబ్బకీ స్తంభాన్ని పట్టుకుని ఊపిరి కూడదీసుకోవాల్సి వచ్చింది. అయినా మూడోది మానలేదు.

ముందు ఇంజను చప్పుడు, తర్వాత ఆడవాళ్ళ నవ్వులు. పొగలోంచి లాంచీ ముందుభాగం బయటపడింది. ఖాళీ క్యారేజీ చంకన పెట్టుకుని ఆమె అందరికన్నా ముందు నిలబడి ఉంది. తాడు రేవు మీద పడింది. ఇక చాలనుకుని గంటన్న పీట మీద కూర్చుని, స్తంభానికి వీపు ఆనించాడు.

తాడు పడగానే చప్పుడు ఆగడం రోజూ ఉండేదే. అందుకని ఎవరూ పట్టించుకోలేదు.

"ఏమయ్యా, వచ్చేశాను. ఇక లే," అంటూ ఆమె భుజం తట్టింది. ఆయన తల ఆమె చేతి మీదికి వాలింది. ఆమె అక్కడే కూలబడి, ఆ తలని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది. ఆయన వేళ్ళలోంచి సుత్తి తీయబోతే ఎవరినీ తీయనివ్వలేదు, తనే తీసుకుంది.

ఆయన్ని సాగనంపిన మర్నాడు వాన కురిసింది. అవతలి ఒడ్డు మిల్లులు కిటికీలతో సహా కనపడ్డాయి. సరంగు నేరుగా రేవుకొచ్చాడు, అయినా అలవాటుకొద్దీ చెవి అటు పెట్టాడు. స్తంభానికి వేలాడుతున్న పట్టా ముక్క మీంచి చాలాసేపు నల్లటి నీళ్ళు కారాయి. సుత్తి తగిలి తగిలి అరిగిన చోట, అరచేతి మేర, ఇనుము మెరుస్తోంది.