ఊపిరి లేని అధ్యాయం

"ఎద్దులు వాగులో కడుపునిండా నీళ్ళు తాగి ఇరవైమూడు గట్టెక్కినవి."

మున్నవర్ బేగం ఫోనులో వేలితో వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మళ్ళీ అదే. ఇరవైమూడు. ఒళ్ళో ఉన్న పుస్తకం చూస్తే సరిగ్గా అక్కడ పుట మారుతున్నది, అడుగున చిన్నగా 23 అని అచ్చయి ఉన్నది. హవ్వ, పుట అంకెను ఎవరైనా పైకి చదువుతారా? మూడో తరగతి పిల్లలు కూడా చదవరు. చదివినవాడు రాజ్‌కుమార్.

రాజ్‌కుమార్ అంటే మామూలు మనిషి కాదు, ఆయన దృష్టిలో. జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్. ప్రచురణ హక్కుల కాలం తీరిపోయిన పాత పుస్తకాలను చదివి, రికార్డు చేసి, చూపులేనివాళ్ళ కోసం ఉచితంగా నెట్‌లో పెట్టే 'వినికిడి మిత్రులు' బృందానికి పెద్ద. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఉన్న ఆ ముప్పయి మందిలో ఎవరూ ఆయన్ని పెద్ద అనలేదు, ఆయనే అనుకున్నాడు. పైన పటారం, లోన లొటారం. బృందానికి పదేళ్ళు నిండుతున్నాయని పాత ప్రయాణాల మీద ఒక సంపుటం తలపెట్టారు. వందేళ్ళ కిందటి బండి ప్రయాణాలు, తీర్థయాత్రలు, మొత్తం ఇరవై అధ్యాయాలు. మొదటి అధ్యాయం నాదంటూ అందరికంటే ముందు చెయ్యెత్తింది కూడా ఆయనే.

మున్నవర్ బేగానికి పదహారోది వచ్చింది, కాళేశ్వరం రేవు దాటే అధ్యాయం. ముప్పయ్యొక్క ఏళ్ళు సర్కారు బడుల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి ఆమె. బదిలీ మీద వెళ్ళిన ప్రతి బడిలోనూ మొదటి రోజు ఎవరో ఒకరు "తురకోళ్ళామె తెలుగు చెప్తదా?" అనేవాళ్ళు. నెల తిరిగేసరికి నోళ్ళు మూతపడేవి, అది వేరే సంగతి. బృందంలో ఒక ఆచారం ఉంది. అధ్యాయం చివర చదివినవాళ్ళు తమ పేరు, తమ ఊరు చెప్పాలి. 'చదివినది మున్నవర్ బేగం, కేసముద్రం.' ఆ ఒక్క ముక్క ఆ సంపుటంలో ఉండిపోవాలని ఆమె కోరిక.

అందుకోసం మే నెల ఎండల్లో ఫ్యాను కట్టేసి, గది మారుమోగకుండా నెత్తిమీదికి బొంత కప్పుకొని, మార్కెట్ యార్డుకు పోయే లారీల హారన్లు ఆగే సందు చూసుకొని, పదకొండుసార్లు చదివింది. భర్త మొయినుద్దీన్ వాకిట్లో కుర్చీ వేసుకొని వచ్చేపోయేవాళ్ళను చేతి సైగలతో ఆపాడు. పంపిన మర్నాడే రాజ్‌కుమార్ నుంచి జవాబొచ్చింది. "మేడం, మీ ఉచ్చారణలో స్థానికత ఎక్కువగా ధ్వనిస్తున్నది. పాత గ్రంథాల గౌరవం దృష్ట్యా ఈ అధ్యాయాన్ని మరొకరికి ఇస్తున్నాం. అన్యథా భావించవద్దు."

స్థానికతట. వందేళ్ళ కింద కాళేశ్వరం రేవులో జనం ఏ భాషలో తిట్టుకున్నారో ఆ మహానుభావుడినే అడగాలి.

బృందానికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరు చదివినా, ఇంకొకరు పుస్తకం ముందు పెట్టుకొని ఆసాంతం విని, పట్టికలో 'విన్నాను, పాఠం సరిపోయింది' అని రాయాలి. రాయకపోతే ఆ అధ్యాయం సంపుటంలోకి పోదు. మొదటి అధ్యాయం వినే పని చీట్లు తీస్తే ఆమెకే పడింది. రాజ్‌కుమార్ ఖర్మ.

ఆమె మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నది. ఈసారి మాటల మధ్య జాగా విన్నది. గొంతు ఇస్త్రీ బట్టలా నున్నగా ఉంది. పద్నాలుగు నిమిషాల్లో ఒక్క గుటక లేదు, ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు లేదు. బొంత కింద ఉడికిపోతూ పదకొండుసార్లు చదివినామెకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ దొరకదో బాగా తెలుసు. ఈ గొంతుకు ఊపిరితో పనే లేదు.

"ఏమైంది?" అన్నాడు మొయినుద్దీన్, ఆమె మొహం చూసి.

"మన పెద్దసారు నోరే తెరవలే. పుస్తకాన్ని కంప్యూటర్ల ఏసి మిషిన్‌తోని చదివిపిచ్చిండు. మాటేదో, పుట నంబరేదో మిషిన్‌కేం ఎరుక?"

మనుషుల గొంతుతోనే చదవాలన్నది బృందం నియమాల్లో మొదటిది. దాన్ని రాసింది రాజ్‌కుమారే. గురివింద గింజకు తన కింది నలుపు కనపడదంటారు, ఊరికే అనలేదు. ఆమె ఫోను చేసింది.

"సార్, మొదటి అధ్యాయం మీరే చదివిండ్రా?"

"అవును మేడం. ఎలా వచ్చింది?"

"మంచిగొచ్చింది. ఎద్దులు ఇరవైమూడు గట్టెక్కినయి. ఇంకింత దూరం పోయినంక ఇరవైనాలుగు బండి ఆపిండ్రు. పుటల నంబర్లు గూడ చదవమని కొత్త నియమమా?"

"అది సాంకేతిక లోపం అయి ఉంటుంది మేడం."

"పద్నాలుగు నిమిషాలు ఊపిరి పీల్చకుంట చదివిండ్రు. అది గూడ లోపమేనా?"

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్న రకం. దొరికిపోయాక గొంతు తగ్గించాడు. "మేడం, రేపు సాయంత్రమే విడుదల. మీరు పట్టికలో ఆ ఒక్క వాక్యం రాసేయండి. మీ అధ్యాయం ఇంకెవరూ చదవలేదు, మీదే పెట్టేద్దాం. మీకు కావలసింది అదే కదా."

కావలసింది అదే. ఆ మాట నిజం కావడమే ఆమె ఒళ్ళు మండించింది. రెండు ముక్కలు రాస్తే చాలు, పేరూ ఊరూ సంపుటంలో ఉండిపోతాయి. ఆ రెండు ముక్కల్లో రెండోది అబద్ధం.

"కాపీ కొట్టిన పేపర్‌కు పాస్ మార్కులేసే అలవాటు నాకు లేదు సార్. పొద్దున రైలుకు పుస్తకం పట్టుకొని రాండ్రి. మా బొంత కింద కూసోని చదువుండ్రి, నేను వింట. రాకుంటే విన్నది విన్నట్టు పట్టికల రాస్త."

వచ్చాడు. రాక ఏం చేస్తాడు? మొయినుద్దీన్ ఆయనకు చాయ్ ఇచ్చి, ఫ్యాను కట్టేసి, వాకిట్లో తన కుర్చీలోకి పోయాడు.

బొంత కిందినుంచి మొదట నాటకాల గొంతు వచ్చింది. రెండో పేరాకే దమ్ము చాలక ఆగిపోయింది. మళ్ళీ మొదలు, మళ్ళీ ఆగడం. ఆరుసార్లకు చొక్కా తడిసి ముద్దయింది. ఏడోసారికి ఆ అరువు గొంతును మోసే ఓపిక అయిపోయి, సొంతది బయటపడింది. మున్నవర్ బేగం చెవులు రిక్కించింది. ఆ విరుపు, ఆ సాగదీత ఆమెకు కొత్త కాదు, ఆమె బడుల్లో పిల్లలు అచ్చం అట్లాగే చదివేవాళ్ళు. ఆమెకున్న స్థానికతకు ఇది రెండింతలు. ఇన్నాళ్ళూ ఈ పెద్దమనిషి దాచిపెట్టుకున్నది దీన్నా!

"చదివినది రాజ్‌కుమార్, జనగామ" అని ముగించాడు.

"జనగామ మీ ఊరా?"

"ఉంటున్నది అక్కడే మేడం."

"నేనడిగింది అది గాదు."

బొంతలోంచి తల బయటపెట్టాడు. "పెద్దవంగర" అన్నాడు, తప్పు ఒప్పుకున్నట్టు. "హైదరాబాద్‌ల చదివేటప్పుడు నేను నోరు తెరిస్తే క్లాసంత నవ్వేటోళ్ళు మేడం. సినిమాల జోకర్ లెక్క మాట్లాడుతున్నవనేటోళ్ళు. అప్పటిసంది నా గొంతు నాకే ఇనబుద్ధి కాదు."

ఆమెకు జాలి వేసింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. "నవ్వినోళ్ళను ఒక్క మాట అనకపోతివి. నా మీదికి వస్తివి" అన్నది. మీరు పోయి నువ్వు వచ్చేసింది. "నాది ఎంతసేపు విన్నవు?"

"ఒక నిమిషం."

"ఇరవై రెండు నిమిషాలది. కూసో."

ఫోను చేతికిచ్చి, పుస్తకం ఒళ్ళో పెట్టింది. ఆయన వింటూ వేలితో వాక్యాల వెంట నడిచాడు. రేవులో పడవవాడు యాత్రికులను కసిరే చోట నవ్వు ఆపుకోలేకపోయాడు. అట్లా కసిరేవాళ్ళు ఆయన ఇంట్లోనే ఉండి ఉంటారు. 'చదివినది మున్నవర్ బేగం, కేసముద్రం' వినిపించేదాకా కదలలేదు. తర్వాత పట్టిక తెరిచి, పదహారో వరసలో రాశాడు. విన్నాను, పాఠం సరిపోయింది.

"ఇగ మల్ల బొంతల తల పెట్టు" అన్నది ఆమె. "ఆఖరు ముక్క మల్ల చెప్పు."

"చదివినది రాజ్‌కుమార్, పెద్దవంగర."

ఊరి పేరుకు ముందు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. అది కూడా రికార్డయింది. తీసేస్తానని ఫోను అందుకోబోయాడు.

"ఉండనియ్" అన్నది ఆమె, పట్టికలో మొదటి వరస తెరుస్తూ. "చదివింది మనిషేననేటందుకు గా ఊపిరొక్కటే సాక్ష్యం."