మంచూరియా గొడవలో విరిగిన కాలు

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని. నిండు ప్రాణంతో ఉన్న ఒక మనిషిని ఊరంతా కలిసి ఒక పూటపాటు చంపేసింది. ఆ చావుకు అసలు కారణం నేనే. కానీ నన్నెవరూ అనుమానించలేదు. నా బదులు ఒక నర్సమ్మ మీదకి రెండు వందల మంది కర్రలతో వచ్చారు. నాకు నాలుగు కాళ్ళున్నాయి గానీ నోరు లేదు. అసలు ఇబ్బంది అక్కడే వచ్చింది.

పుట్టుక దగ్గర్నుంచి చెబుతాను, త్వరగానే ముగిస్తాను. ఫ్యాక్టరీలో కరిగిన ప్లాస్టిక్‌ను సన్నటి రంధ్రంలోంచి ఇనప అచ్చులోకి ఒక్క తోపు తోశారు. అంటే నేను పుట్టిందే ఇంజెక్షన్‌తో. నాకేమీ కాలేదు. పదకొండు మంది తోబుట్టువులతో కలిసి, ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని, లారీ ఎక్కి గోదావరి కాలువ పక్కనున్న తాళ్ళలంక చేరాను. అక్కడ నూకరత్నం మమ్మల్ని కొంది. కొన్న రోజే మా అందరి వీపుల మీద తెల్ల పెయింటుతో 'నూకరత్నం ఫాస్ట్ ఫుడ్' అని రాయించింది. పెళ్ళిళ్ళకి, చావులకి ఎరువిచ్చిన కుర్చీలు ఇంటిదారి మరిచిపోకుండా అదొక జాగ్రత్త.

సెంటరులో బస్సులాగే చోట రేకుల షెడ్డు, దాని ముందు గ్యాసు పొయ్యి, పొయ్యి మీద ఏనుగు చెవంత ఇనప మూకుడు. సాయంత్రమయ్యేసరికి మంట మనిషెత్తు లేచేది. క్యాబేజీ గాల్లోకి ఎగిరి మళ్ళీ మూకుడులోనే పడేది. జనం నోళ్ళు తెరుచుకుని చూసేవారు. ఆకలేసిన మనిషి ఎంతసేపైనా కాచుకుంటాడు. తన ప్లేటుకంటే పక్కవాడి ప్లేటు ముందొచ్చిందా, అయిపోయింది! అక్కడ గ్లాసులు ఎగిరాయి, సాసు సీసాలు ఎగిరాయి, ఒకసారి వేడివేడి నూడుల్స్ కూడా ఎగిరాయి. అన్నిటినీ మేం ఒంటి మీద తుడిపించుకున్నాం.

నా రాత మార్చినవాడి పేరు తాతాజీ. పేరు చూసి ముసలివాడనుకోకండి, పాతికేళ్ళవాడు. కొత్త బండి, చేతికి కంకణం, ఎక్కడున్నా తన మాటే పైన ఉండాలనే తత్వం. ఆ సాయంత్రం నా మీదే కూర్చుని గోబీ మంచూరియా చెప్పాడు. కాసేపటికి పక్క కుర్చీలోని ఆసామికి నూడుల్స్ వచ్చాయి.

"ఏవక్కా, నేను ముందొచ్చానా, ఆయన ముందొచ్చాడా?" అన్నాడు తాతాజీ.

"నువ్వే ముందొచ్చావు తమ్ముడూ. నీది మంచూరియా, ఆయనది నూడుల్స్. ఉన్నది ఒక్కటే మూకుడు గదా," అంది నూకరత్నం, గరిటె ఆపకుండా.

"అంటే కూర్చున్నోణ్ణి ఎదవని సేత్తావా?"

"నేను సెయ్యాలేటి తమ్ముడూ?"

షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వే కొంప ముంచింది. తాతాజీ ఒక్క ఉదుటున లేచి నన్ను పైకెత్తాడు. మొదటిసారి ఆ షెడ్డు పైకప్పుని అంత దగ్గరగా చూశాను. మరుక్షణం కరెంటు స్తంభానికి నన్ను బాదాడు. వెనక కుడికాలు మొదట్లో పెటీల్మని చీలింది. నలుగురు కలిసి వాణ్ణి పట్టుకుని, బండెక్కించి పంపేశారు.

నూకరత్నం నన్ను పారెయ్యలేదు. గరిటె కాడ మంటలో ఎర్రగా కాల్చి, చీలిక మీద అదిమి, ప్లాస్టిక్‌ను కరిగించి అతికింది. పైకి నల్లటి మచ్చ ఒక్కటే మిగిలింది. లోపల సంగతి నాకు తెలుసు. పిల్లలు కూర్చుంటే మోస్తాను. పెద్దవాళ్ళు బుద్ధిగా కూర్చున్నా మోస్తాను. ఎవరైనా వెనక్కి వాలారంటే మాత్రం నా చేతుల్లో ఉండదు. అందుకే ఆవిడ నన్ను దొంతరలో అడుగున పెట్టి, సాసు డబ్బాలు మోయించేది.

ఆ రోజుల్లోనే కరోనా టీకాలు వచ్చాయి. టీకాకంటే ముందు టీకా మీద కబుర్లు వచ్చాయి. నూడుల్స్ తింటూ చెప్పుకునేవారు. వేయించుకుంటే పిల్లలు పుట్టరని ఒకడు, రెండేళ్ళకి పోతారని ఇంకొకడు, చెయ్యికి ఇనప చెంచా అంటుకుంటుందని మరొకడు. ఆ మరొకడు ఏ నూనెలో వేయించారో అడక్కుండానే నాలుగో ప్లేటు లాగించాడు. వాళ్ళ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. ఆ ఏడు ఊళ్ళో పాడెలు చాలా లేచాయి. భయపడ్డ మనిషికి ఎవరో ఒకరి మాట పట్టుకుని వేలాడాలనిపిస్తుంది.

ఒకనాడు నర్సు జ్యోతిర్మణి మా షెడ్డుకి వచ్చింది. ఊళ్ళో సగం మంది పిల్లలకు మొదటి సూది గుచ్చింది ఆవిడే.

"అక్కా, రేపు స్కూల్లో టీకాలు. నాలుగు కుర్చీలిచ్చి పుణ్యం కట్టుకో."

"దానికేం భాగ్యం, తీసుకెళ్ళు," అంది నూకరత్నం.

ఎరువిచ్చేటప్పుడు మనుషులు చేసే పని ఒకటుంది. మంచివి వ్యాపారానికి దాచుకుంటారు, అతుకులవి పుణ్యానికి ఇస్తారు. అలా నేను బడికి వెళ్ళాను.

పొద్దున్న వరస బాగానే నడిచింది. అంతలో అబ్బులు గారు వచ్చారు. కొబ్బరికాయల వ్యాపారి, గుమ్మమంత మనిషి, మీసం చూస్తే పులి. సూది చూడగానే ఆ మీసం వణకడం నేనొక్కదాన్నే గమనించాను. కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగించి కూర్చున్నారు. సూది దిగింది, వచ్చేసింది.

"అయిపోయిందండీ," అంది జ్యోతిర్మణి.

"అయిపోయిందా!" అని హాయిగా ఊపిరి వదిలి వెనక్కి వాలారు.

పెటీల్! నా కాలు మడతపడింది. అబ్బులు గారు కెవ్వుమంటూ వెల్లకిలా పడ్డారు. లుంగీ ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు. వరసలోని జనం గేటు దాటి పరుగెత్తారు. కిటికీలోంచి ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు.

అబ్బులు గారు లేచి లుంగీ బిగించుకున్నారు. దెబ్బ నడుముకి, గాయం పరువుకి.

"అరగంట ఇక్కడే కూర్చోవాలండీ," అంది జ్యోతిర్మణి.

"దేని మీద కూర్చోవాలమ్మా?" అని ఒక్క మాట అనేసి, వెనక గుమ్మంలోంచి ఆటో ఎక్కి మాయమైపోయారు. ఆవిడ ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆయన ఇంటికి మనిషిని పంపితే అక్కడికీ రాలేదన్నారు.

వీడియో మాత్రం ఊరంతా తిరిగింది. అందులో ఉన్నది మూడే ముక్కలు: సూది, కేక, పడిపోవడం. మధ్యాహ్నానికి 'టీకా వేయగానే ప్రాణం పోయింది' అని దానికి పేరు కూడా పెట్టారు. అబ్బులు గారి ఇంటి ముందు ఏడుపులు మొదలయ్యాయి.

తరవాత బడి గేటు దగ్గర అరుపులు. ఆయన లేచి ఆటో ఎక్కారని చెప్పినా ఎవరూ నమ్మకపోయేసరికి, జ్యోతిర్మణి మందుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని తరగతి గదిలో గడియ వేసుకుంది. కాలు విరిగాక వరండా మూలన పారేసిన నాకు తలుపు వెనక ఆవిడ గొంతు వినబడుతోంది. పోలీసులు వస్తున్నారట, దారిలో ఉన్నారట. గుంపు అప్పటికే మెట్ల దగ్గరుంది. అందరికంటే ముందు ఎవరున్నారో తెలుసా? తాతాజీ!

"బయటికి రమ్మనండి దాన్ని! మా అబ్బులు బాబాయిని పొట్టన పెట్టుకుంది! తలుపు పగలగొట్టండి!"

ఒక రాయి కిటికీ అద్దానికి తగిలింది. అద్దం భళ్ళున రాలింది. లోపల జ్యోతిర్మణి కేక వేసింది. నాకు చెమట పట్టదు గానీ, పడితే ఆ క్షణాన వరండా తడిసిపోయేది. ఇంకొక్క తన్ను తంతే తలుపు ఊడుతుంది. చంపిందెవరో నాకు తెలుసు. చంపలేదనీ తెలుసు. చెప్పడం ఎలా?

అప్పుడొచ్చింది నూకరత్నం. స్కూటీ గేటు దగ్గర పడేసి, నడుముకి పిండి మరకల గుడ్డతో, చేతిలో గరిటెతో సహా గుంపుని చీల్చుకుంటూ వచ్చింది. వీడియోలో నా వీపు మీది తన పేరు చూసిందట. నేరుగా మూలకొచ్చి నన్ను లేపింది. మడతపడ్డ కాలిని సాగదీసి నిలబెట్టింది. పైకి మామూలు కుర్చీలానే ఉన్నాను.

"తమ్ముడూ తాతాజీ, ఇలా వచ్చి ఇందులో కూర్చో," అంది.

"కుర్చీ గొడవేంటక్కా మధ్యలో? తప్పుకో!"

"సూది లేదు, మందు లేదు. ఉత్తి కుర్చీ. కూర్చోడానికి భయమేంటి?"

తాతాజీ నన్ను చూశాడు. నల్లటి మచ్చ చూశాడు. గుర్తుపట్టాడు. కూర్చోనంటే ఎందుకని అడుగుతారు. కూర్చుంటే...

"కూర్చోరా బాబూ, ఆవిడేదో చెబుతోందిగా!" అని వెనకనుంచి ఒకాయన విసుక్కున్నాడు.

వాడు కూర్చున్నాడు. బరువంతా తన కాళ్ళ మీదే నిలుపుకుని, అంచు మీద పిట్టలా ఆనాడు. నూకరత్నం వాడి భుజం మీద చెయ్యేసి ప్రేమగా అంది.

"ఆనుకో తమ్ముడూ. మంచూరియా వచ్చేదాకా ఆనుకునే కూర్చుంటావుగా."

భుజం వెనక్కి వెళ్ళింది. నిజం చెప్పాలంటే, గట్టిగా బిగబట్టి ఉంటే ఇంకొక్క క్షణం నిలబడేదాన్నేమో. బిగబట్టలేదు.

పెటీల్!

తాతాజీ వెల్లకిలా పడ్డాడు. అదే కేక, అవే కాళ్ళు గాల్లో. రెండు వందల మంది ఫోన్లూ లేచేవున్నాయి.

"ఈడికి ఏ టీకా వేశారు ఇప్పుడు?" అని అడిగింది నూకరత్నం. "ఈ కాలు ఇరగ్గొట్టింది ఈడు. అతికింది నేను. మంచియి దాచుకుని అతుకులదాన్ని ఇచ్చిందీ నేనే. తిడితే నన్ను తిట్టండి. ఆ పిల్ల జోలికెళ్తే మాత్రం ఈ గరిటెతో సమాధానం చెప్తాను."

సరిగ్గా అప్పుడే గదిలో ఫోన్ మోగింది. జ్యోతిర్మణి గడియ తీసి, ఫోన్‌ని అందరికీ వినబడేలా పట్టుకుని బయటికొచ్చింది. అబ్బులు గారి గొంతు వరండా అంతా మోగింది.

"నర్సమ్మగారూ, మా అక్క ఇంటికాడున్నానండీ. నేను పోయానని మా ఇంటికాడ ఏడుస్తన్నారంటండీ. లుంగీ సంగతి ఎవరికీ చెప్పకుండా, నేను బతికే ఉన్నానని ఎలాగైనా చెప్పండి!"

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత నవ్వు ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు. కర్రలు పట్టుకొచ్చినవాళ్ళు అవే కర్రల మీద ఆనుకుని నవ్వారు. నవ్వు తగ్గాక ఒక పెద్దావిడ ముందుకొచ్చి, "వేస్తే జొరం వత్తాదంటమ్మా, నిజవేనా?" అని మెల్లిగా అడిగింది. "రావచ్చండీ. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి కూడా ఉండొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను," అంది జ్యోతిర్మణి. పెద్దావిడ నర్సమ్మ చెయ్యి కాసేపు పట్టుకుని, తరవాత రైక చెయ్యి పైకి లాక్కుంది. ఆ సాయంత్రానికి నూకరత్నం తన మంచి కుర్చీలన్నీ బడికి తోలించింది. గేటు దగ్గర చాలాసేపు తచ్చాడి, తాతాజీ కూడా వరసలోకి వచ్చాడు. కూర్చోనన్నాడు. నిలబడే వేయించుకున్నాడు.

ఇప్పుడు నేను పాత సామాన్ల బండిలో ఉన్నాను. విరిగిన ప్లాస్టిక్‌కి ఉల్లిపాయలిచ్చే బండి ఇది. నూకరత్నం నా బదులు కిలో ఉల్లిపాయలు అడిగింది, బండివాడు ముప్పావు కిలో దగ్గర తెగ్గొట్టాడు. రేపోమాపో కరిగి, మళ్ళీ ఒక రంధ్రంలోంచి ఏదో ఒక అచ్చులోకి దూరతాను. బకెట్టునవుతానో, మళ్ళీ కుర్చీనే అవుతానో.

బండి కదులుతుండగా చివరిసారి షెడ్డు వైపు చూశాను. తాతాజీ వచ్చాడు. కుర్చీని రెండు చేతులా నొక్కి, అటూ ఇటూ ఊపి, అప్పుడు కూర్చున్నాడు. ఇప్పుడు తాళ్ళలంకలో అందరూ అలాగే చేస్తున్నారు. పక్కాయనకి నూడుల్స్ ముందొచ్చాయి. తాతాజీ నోరు తెరిచాడు. ఊపిరి బిగబట్టాను.

"అక్కా," అన్నాడు, "తీరిగ్గానే ఇయ్యి. ఉల్లిపాయ కొంచెం ఎక్కువెయ్యి."

నా ఉల్లిపాయలే!