మోపు దించే గోడ

అసిస్టెంట్ ఇంజనీరు జయప్రకాశ్ నోట్లో నాలుక లేని మనిషని ఆఫీసులో పేరు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో పై అధికారికి ఎదురు చెప్పింది ఒకే ఒక్కసారి. అది ప్రమోషన్ కోసమో, బదిలీ ఆపుకోవడానికో అయితే నలుగురూ అర్థం చేసుకునేవారు. ఆయన మాత్రం ఒక గోడ కోసం నోరు విప్పాడు.

2007లో ఏన్కూరు సంత వీధిని బాగుచేసే పని ఆయన మీద పడింది. నడుమ సిమెంటు రోడ్డు, రెండు వైపులా మూతలున్న మురుగు కాలువలు, వాటిని ఆనుకుని ఐదడుగుల ఫుట్‌పాత్. ఆయన పుట్టి పెరిగిన వీధే అది. ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకుని పదిహేనేళ్ళు దాటినా, ఎవరైనా "మీదే ఊరు?" అంటే నోటికి ముందు వచ్చేది ఏన్కూరే. టేపు పట్టుకుని ఆ వీధిలో నడుస్తుంటే ఒక పట్టాన కొలతల మీద మనసు నిలిచేది కాదు. ఇక్కడ కిరాణా కొట్టు ఉండేది, ఇక్కడ సైకిలు మీంచి పడి మోకాలు చెక్కుకుపోయింది, ఇక్కడ మా నాన్న కొత్త నాగలి కొన్నాడు అనుకుంటూ నిలబడిపోయేవాడు. అవతల టేపు కొస పట్టుకున్నవాడు ఎండలో మాడిపోయేవాడు.

ఆ వీధికొక రోగం ఉంది. నలభై ఏళ్ళుగా తారు మీద తారు పోస్తూ పోవడంతో రోడ్డు ఇళ్ళ గడపలకన్నా ఎత్తయి కూచుంది. వానొస్తే నీళ్ళన్నీ ఇళ్ళలోకే. అందుకని పాత తారంతా పెకలించి, వీధిని మొదటి మట్టానికి దించాలని జయప్రకాశ్ డిజైన్ చేశాడు. తన చిన్ననాటి నేల మళ్ళీ బయటపడుతుందని లోలోపల సంబరపడ్డాడు కూడా.

పేచీ అంతా పశువుల దవాఖానా రాతిగోడ దగ్గర వచ్చింది. ఫుట్‌పాత్ రావాలంటే దాన్ని కూలగొట్టి ఐదడుగులు వెనక్కి కట్టాలి. ఆఫీసు డ్రాయింగుల ప్రకారం అయితే కొత్తది రెండడుగుల గోడ, దాని మీద ఇనుప గ్రిల్లు, గ్రిల్లు కొసన ఈటెల్లాంటి మొనలు. చూడ్డానికి బాగుంటుంది. కానీ దాని మీద మోపు దించలేరు.

బుధవారం సంతకు అడవి ఊళ్ళ ఆడవాళ్ళు ఆరేడు మైళ్ళు కట్టెల మోపులు నెత్తిన పెట్టుకుని వస్తారు. అంత మోపు దించుకోవాలంటే పక్కన ఇంకో మనిషి ఉండాలి. కింద పడేస్తే మళ్ళీ ఎత్తేవాళ్ళు దొరకరు. ఆ రాతిగోడ ఒక్కటే ఎవరి సాయమూ అక్కర్లేకుండా చేసేది. గోడకు వీపు పెట్టి, మోకాళ్ళు కాస్త వంచితే మోపు గోడ మీద కూచునేది. తల తప్పించుకుని ఊపిరి పీల్చుకునేవారు. మళ్ళీ అలాగే కిందికి దూరి నెత్తికెత్తుకుని ఇళ్ళకో హోటళ్ళకో పోయేవారు.

వాళ్ళలో ముత్తక్క జయప్రకాశ్ ఇంటికే కట్టెలు వేసేది. టేకు మానులా నిటారుగా ఉండేది ఆ రోజుల్లో. మోపు గోడ మీద పెట్టి, చుట్టకుదురు విప్పి మొహం తుడుచుకుని, కొంగుముడిలోంచి తునికి పండ్లు తీసి ఎనిమిదేళ్ళ జయప్రకాశ్ చేతిలో పోసేది. "బేరం తెగేదాకా వాడికేమీ పెట్టకు" అని తల్లి నిర్మలాదేవి కసిరేది. కొడుకు పండ్లు మింగేశాక ఆవిడ మాత్రం గట్టిగా బేరం ఎలా ఆడుతుంది! తల్లి పోయి పదేళ్ళయింది, ఇంట్లోకి గ్యాస్ వచ్చి ఇరవయ్యేళ్ళు. ముత్తక్క మాత్రం ఇప్పటికీ హోటళ్ళకు కట్టెలు మోస్తూనే ఉంది. షేర్ ఆటోలు వచ్చాయి గానీ, కట్టెలు ఎక్కించుకోరు.

పదడుగుల మేర ఆ గ్రిల్లు వద్దని చెప్పడానికి జయప్రకాశ్ ఖమ్మం వెళ్ళి తన పై అధికారి డీఈ రాజ్యశ్రీ ముందు నిలబడ్డాడు. ఆమె ఆయనకన్నా పదిహేనేళ్ళు చిన్నది, మాట కచ్చితం.

"జయప్రకాశ్ గారూ, రోడ్డంతా ఒక తీరు పెట్టి, పదడుగులు మాత్రం ఇంకో తీరు పెడితే ఏం బాగుంటుంది?"

"బాగుండదు మేడమ్. కానీ ఫుట్‌పాత్ నడిచేవాళ్ళ కోసమే కదా. ఆ వీధిలో అందరికన్నా ఎక్కువ దూరం నడిచి వచ్చేది ఆ కట్టెల మోపులవాళ్ళే."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఈ మనిషికి ఇన్ని మాటలు వచ్చా అనుకుందో ఏమో! "సరే. పదడుగులు గ్రిల్లు తీసేసి, పైన చదునుగా రాతిగోడ కట్టించండి. ఎత్తెంత?"

"నాలుగడుగుల ఎనిమిదంగుళాలు మేడమ్. పాత డ్రాయింగులో ఉంది." డ్రాయింగు చూడకపోయినా ఆయన అదే చెప్పేవాడు. ఆ గోడ ఎంత ఎత్తో ఆయన ఒంటికే తెలుసు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకో" అని ఆఫీసులో నవ్వుకున్నారు. జయప్రకాశ్ పట్టించుకోలేదు. పాత గోడ కూలింది, తారు పొరలు లేచాయి, సిమెంటు పడింది. మేస్త్రీ బొజ్జయ్య పక్కన నిలబడి, ఒక్కో రాయీ తన ఎదుటే పెట్టించాడు. గోడ లేచిన రోజు దాని మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. చిన్నప్పుడు మునివేళ్ళ మీద నిలబడినా అందని గోడ అది.

బుధవారం పొద్దున్నే వచ్చి ఎదుటి హోటల్లో కూచున్నాడు. ఎనిమిదింటికి ఆడవాళ్ళు వచ్చారు. ముందు వచ్చిన పున్నమ్మ చక్కగా మోపు దించుకుంది. ఆమె పడుచుది. జయప్రకాశ్ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆమె వెనకాలే ముత్తక్క.

ముత్తక్క గోడకు వీపు పెట్టింది. మోపు గోడ అంచుకు తగిలి ముందుకు తోసింది. ఆమె తూలి, సర్దుకుని, మళ్ళీ వీపు పెట్టింది. మళ్ళీ తగిలింది. మునివేళ్ళ మీద లేచింది. మెడ నరాలు ఉబ్బాయి, మోకాళ్ళు వణికాయి. అందలేదు.

జయప్రకాశ్ చేతిలో టీ గ్లాసు వదిలేసి ఉరికాడు. మోపు రెండు చేతులా పట్టి గోడ మీదకు నెట్టాడు. అంత బరువని ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. భుజాలు పీకేశాయి.

"బాబూ, నువ్వా! ఈ గోడ గిట్ల పెరిగిందేంది?" అంది ముత్తక్క రొప్పుతూ.

"పాతదంతే కట్టించాను ముత్తక్కా. నువ్వు మొదట దించుకున్నంతే."

"గప్పుడు నేను గిట్ల వంగలే" అని తన వంగిన నడుము మీద తట్టుకుంది. "పాత గోడ నాకు మంచిగుండె. అంగుళం తక్కువ గాదు, ఎక్కువ గాదు."

అప్పుడు వెలిగింది ఆయనకు. నలభై ఏళ్ళు రోడ్డు మీద తారు పడుతూ వచ్చింది, నేల లేచి గోడ పొట్టిదవుతూ వచ్చింది. అటు ముత్తక్క కూడా వంగుతూ వచ్చింది. ఎవరూ డిజైన్ చేయకుండానే గోడా మనిషీ ఒకరికొకరు సరిపోతూ వచ్చారు. తను వచ్చి వీధిని చిన్నప్పటి మట్టానికి దించాడు, గోడను చిన్నప్పటి ఎత్తుకు లేపాడు. మనిషిని చూడలేదు. ప్రతి ఏడూ ఈ వీధిలో ఆమె ఎదురుపడుతూనే ఉంది, "బాగున్నావా ముత్తక్కా" అని పలకరిస్తూనే ఉన్నాడు. ఆమె వంగిపోయిందని కళ్ళకు కనపడలేదు. కళ్ళ నిండా ఆ టేకు మానే ఉండిపోయింది. సిగ్గుతో ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

జేబులోంచి టేపు తీశాడు. "జర నిలబడు ముత్తక్కా."

"ఏంది, రవిక కుట్టిస్తవా?" అని నవ్వుతూనే నిలబడింది. నేల నుంచి నడినెత్తి దాకా నాలుగడుగుల నాలుగంగుళాలు. సర్వీసంతా రోడ్లూ కాలువలూ కొలిచిన ఆయన ఒక మనిషిని కొలవడం అదే మొదలు.

డీఈకి ఫోన్ చేశాడు. "మేడమ్, సగం గోడకు పై వరుస రాళ్ళు తీసేయాలి, మిగతా సగం పడుచువాళ్ళకు ఉంటుంది. పొరపాటు నాదే, రాసిస్తాను."

"ఈసారి ఎత్తు ఎక్కడిది?"

"మనిషిని కొలిచాను మేడమ్."

"అయితే తీయించండి" అందామె.

వారం తిరక్కుండా కొత్త గోడ పగలగొట్టించిన ఇంజనీరని ఏన్కూరంతా నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, తప్పు చేసినందుకన్నా బొజ్జయ్య మీసాల్లో నవ్వుకే జయప్రకాశ్ ఎక్కువ కుంగిపోయాడు. అయినా ఐదడుగుల మేర పై వరుస రాళ్ళు తీయించి, మళ్ళీ చదును చేయించాడు.

మరుసటి బుధవారం ఆయన గోడ పక్కనే నిలబడ్డాడు. ముత్తక్క వచ్చింది. ఈసారీ అందకపోతే పట్టుకుందామని రెండు చేతులూ ముందుకు చాచాడు. ఆమె ఆయన వైపు చూడను కూడా చూడలేదు. గోడకు వీపు పెట్టి, మోకాళ్ళు వంచి, మోపు దించేసుకుంది.

జయప్రకాశ్ చేతులు వెనక్కి తీసుకున్నాడు.